ఇంట కూర్చిన చేతిగడియారం

మన పాతబస్తీలో కాలాన్ని చూపే యంత్రాలకు కొదువ లేదు. చార్మినారు నాలుగు ముఖాలకు 1889లో గడియారాలను అమర్చినారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడ్డపు మనిషి బొమ్మ గంట గంటకు వెలుపలికి వచ్చి గంట మ్రోగించే గడియారం ముందు నేటికీ జనం గుమిగూడుతారు. అందులో 350కి పైగా భాగాలున్నవి. వాటిని ఇంగ్లండులో చేయగా, కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారు కూర్చినారు. చేసినవారు ఒకరు, కూర్చినవారు మరొకరు. ఖరీదైన చేతిగడియారాన్ని పోలిన దానిని ఇంటిలోనే కూర్చుకొనే అభిరుచిని గురించి వ్రాయబూనినప్పుడు మాకు మొదట స్ఫురించినది ఈ సంగతియే.

1953లో రోలెక్స్ సంస్థ నీటిలో మునిగి పనిచేసేవారి కొరకు సబ్‌మెరీనర్ అనే గడియారాన్ని రూపొందించింది. 100 మీటర్ల లోతు వరకు నీరు చొరని పెట్టె, మునిగిన నిమిషాలను లెక్కించుటకు చుట్టూ తిరిగే వలయం దాని ప్రత్యేకతలు. నేడది లక్షల రూపాయల వస్తువు. అధ్యాపకుని జీతానికి అందేది కాదు. అయితే ఆ రూపాన్ని పోలిన పెట్టె, డయలు, ముళ్లు విడివిడిగా దొరుకుతున్నవి. లోపలి యంత్రంగా ఈ అభిరుచి గలవారు తరచు వాడేది జపాను సీకో సంస్థవారి ఎన్.హెచ్. 35. హైదరాబాదు ఆల్విన్ సంస్థ 1980వ దశకంలో చేతిగడియారాలను తయారు చేసినది ఈ సీకో వారి సహకారంతోనే.

యంత్రం నడక తెలియనిదే కూర్పు తెలియదు. చుట్టుకొన్న ప్రధాన స్ప్రింగు విప్పుకొంటూ పళ్లచక్రాలను త్రిప్పుతుంది. ఆ శక్తి ఒక్కసారిగా వ్యయం కాకుండా ఒక చిన్న మీట ఒక్కొక్క పంటిని ఆపి విడుస్తుంది. ఆ మీటకు లయనిచ్చేది, వెంట్రుక వంటి స్ప్రింగుతో ఇటు అటు ఊగే బ్యాలెన్సు చక్రం. ఒరిపిడి తగ్గించుటకు 24 కృత్రిమ కెంపురాళ్లు ఉంటవి. పూర్తిగా చుట్టుకొన్న స్ప్రింగు సుమారు 41 గంటలు నడిపిస్తుంది. ఈ చక్రం గంటకు 21,600 మారులు కొట్టుకొంటుంది. మన పూర్వులు మనిషి శ్వాసలను ఒక అహోరాత్రానికి అన్నియే అని లెక్కగట్టినారు. అహోరాత్రాన్ని వారు 60 గడియలుగా విభజించి, అడుగున రంధ్రం గల గిన్నె నీటిలో మునిగే సమయంతో 24 నిమిషాల గడియను కొలిచినారు. తెలుగు గడియ, ఉర్దూ ఘడీ రెండూ సంస్కృత ఘటిక సంతానమే.

ఇక కూర్పు. చార్మినారు సమీపపు గల్లీలో చిన్న బల్ల వేసుకొని కూర్చొనే ఒక వృద్ధ గడీసాజ్ మాకు గురువు. దుమ్మును నోటితో ఊదరాదు, ఊపిరి తేమకు ఉక్కు తుప్పు పడుతుంది, రబ్బరు తిత్తితోనే ఊదవలెను అన్నది ఆయన మొదటి పాఠం. డయలు వెనుకనున్న కాళ్లను యంత్రపు రంధ్రాలలో దించిన పిదప, తేదీ మారేవరకు చావిని త్రిప్పవలెను. అది అర్ధరాత్రి అన్నమాట. అప్పుడే గంటల ముల్లును, నిమిషాల ముల్లును సరిగా 12 మీద అమర్చవలెను. లేనిచో తేదీ వేళగాని వేళ మారుతుంది. సెకన్ల ముల్లు చివరిది. తరువాత చావి కడ్డీని పెట్టెకు సరిపడునట్లు కొంచెం కొంచెంగా కత్తిరించవలెను. తొందరపడి మేము ఒకేసారి కోసినాము, కడ్డీ కురుచయైనది. "కోసిన ఇనుము పెరగదు సాబ్" అని గురువుగారు నవ్వినారు. కొత్త కడ్డీ తెప్పించి మరల మొదలుపెట్టినాము. మొదటి రోజున గడియారం 32 సెకన్లు ముందు నడిచింది. బ్యాలెన్సు వద్దనున్న సన్నని మీటను వెంట్రుకవాసి జరిపితే సర్దుకొన్నది.

డయలు మీద ఏ పేరు ఉండవలెనన్న ప్రశ్న కూర్పు కన్న కఠినమైనది. "ఆ కిరీటం గుర్తున్న డయలే వేయండి సార్, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు మా విద్యార్థి ఒకడు. దురుద్దేశంతో కాదు, మా మీది అభిమానంతోనే. ఆ మాట మమ్ము ఆలోచింపజేసినది. శతక కవులెందరో ఒకే వృత్తంలో పద్యాలు వ్రాసినారు. దానిని ఎవ్వరూ చౌర్యం అనలేదు. కాని తన పద్యాన్ని పరుల పేర చలామణి చేస్తే అది మోసమే. రూపాన్ని అనుకరించుట అభ్యాసం. పేరును అపహరించుట అసత్యం. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం మోసపూరితంగా ఇతరుల గుర్తును వేయుటను, అట్టి వస్తువును అమ్ముటను నేరంగా పరిగణిస్తుంది. చట్టం మాట అటుంచినా, ఆ పేరు వెనుక లోతు నీటిలోనూ నీరు చొరదన్న హామీ ఉన్నది. మా గడియారం ఏ నీటి పరీక్షకూ నిలువలేదు. ముఖం కడుగుకొనేటప్పుడు సయితం దానిని తీసి ప్రక్కన పెడుతున్నాము. మేము ఇవ్వలేని హామీని మా డయలు ఎట్లా ఇవ్వగలదు?

కనుక డయలును ఏ పేరూ లేకుండా విడిచినాము. విద్యార్థి మిత్రులారా! మీ ఇంటి పెట్టెలో ఆగిపోయిన పాత హెచ్.ఎం.టి. ఏదైనా ఉన్నచో, పెద్దల అనుమతితో ఒక గడీసాజ్ చెంత కూర్చొని దానిని విప్పించి చూడండి. పిదప మీరే ఒకటి కూర్చండి. మా గడియారాన్ని చూచి ఇది ఎవరు చేసినదని అడిగినవారికి మేము చెప్పే సమాధానం ఒక్కటే: "చేసినవారు ఎందరో, కూర్చినది మాత్రం మేము."