రేపు ఎన్నింటికి వస్తావు?

గోరేబాళలో మా అక్క ఇంటికి ఎప్పుడెళ్ళినా అరుగు మీద ఆమె కొడుకు కూర్చుని కనిపించేవాడు. వాడికి పుట్టుకతోనే డౌన్‌ సిండ్రోమ్‌. అప్పటికి పదహారు నిండి పదిహేడు నడుస్తోంది. నన్ను చూసి మంచినీళ్ళు తేవడానికి లేవబోతే, "నువ్వు కూర్చో నాన్నా, ఒలకబోస్తావు" అని అక్కే తెచ్చేది. చొక్కా గుండీలు అక్కే పెట్టేది. అన్నం కలిపి కంచంలో ముద్దలు చేసి మరీ పెట్టేది. అదంతా ప్రేమే, దాన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. కానీ ఆ పదహారేళ్ళలో వాడి చేతులు నేర్చుకోవలసిన పనులన్నీ మా అక్క చేతులే చేసుకుంటూ పోయాయి.

ఇలాంటి పిల్లలున్న ఇళ్ళు కర్ణాటకలోని మా సింధనూరు తాలూకాలో మన తెలుగువాళ్ళ క్యాంపుల్లోనూ ఉన్నాయి, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్నాయి. మాట రానివాళ్ళు, చూపు లేనివాళ్ళు, కాలూ చెయ్యీ స్వాధీనంలో లేనివాళ్ళు, బుద్ధి నెమ్మదిగా ఎదిగేవాళ్ళు. ఆ తల్లిదండ్రుల పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను అడిగేది ఒక్కటే. పిల్లలు ఇంకా బడిలో ఉండగానే, పదిహేను పదహారేళ్ళప్పుడే, రోజుకు గంటో రెండు గంటలో ఇల్లు దాటి వేరే మనిషి చేతి కింద నిజమైన పని చెయ్యనివ్వండి.

మనం పిల్లల గురించి ఆలోచించడం లేదని ఎవరూ అనలేరు. సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రి మెట్లెక్కుతాం. వైకల్య గుర్తింపుకి యూడీఐడీ కార్డు చేయిస్తాం. పింఛను రాయిస్తాం. ఎస్సెస్సెల్సీ గట్టెక్కితే ఏదో ఒక సర్కారు కొలువు దొరక్కపోతుందా అని ఆశపడతాం. ఆ ఆశకు ఆధారం ఉంది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. సర్కారు ఉద్యోగాల్లో వాటా 3 శాతం నుంచి 4 శాతానికి పెంచింది. ఆటిజం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి ఉన్నవాళ్ళకి పాత చట్టంలో ఉద్యోగాల వాటాయే లేదు, ఇప్పుడు ఆ నాలుగులో ఒక శాతం వాళ్ళకూ చెందింది.

అయితే ఉద్యోగం వచ్చే రోజుకి పిల్లవాడు తయారై ఉండాలి కదా. వేళకు లేవడం, చెప్పిన పని మధ్యలో వదిలెయ్యకపోవడం, తప్పు చేస్తే ఒక మాట పడి మళ్ళీ మొదలెట్టడం, తెలియకపోతే అడగడం. ఇవి కార్డుతో రావు. ఇంట్లోనూ రావు, ఎందుకంటే ఇంట్లో మనం వాళ్ళని ఒక మాట అనం. అన్నా, అమ్మ మాటే కదా అని వాళ్ళకీ తెలుసు.

మా వాణ్ణి ముందు ఒక టిఫిన్‌ హోటల్లో పెట్టాం. బల్లలు తుడవడం, గ్లాసుల్లో నీళ్ళు పొయ్యడం. రెండో రోజే చెవులు మూసుకుని వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల గ్రైండరు మోత, స్టీలు పళ్ళేలు తొట్టిలో పడేసే చప్పుడు, దానికి తోడు సప్లయర్ల కేకలు. హోటలాయన "వీడి వల్ల కాదమ్మా" అనేశాడు. ఆ రాత్రి మా బావ అన్నం తినలేదు. నాకూ ఏడుపొచ్చింది. కొన్నాళ్ళకు నెమ్మదిగా ఆలోచిస్తే తెలిసొచ్చింది, ఏ డాక్టరూ చెప్పని సంగతి ఆ రెండు రోజులూ మాకు చెప్పాయని. వాడు పనికి జంకలేదు, మోతకు జంకాడు. అంటే వెతకాల్సింది మోత లేని చోటు. మీ పిల్లల విషయంలోనూ మొదటి ప్రయత్నం ఇలాగే బెడిసికొట్టవచ్చు. అప్పుడు ఏది సరిపడలేదో ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, రెండో చోటు వెతకడానికి అదే దారి చూపిస్తుంది.

నాలుగు నెలల తర్వాత, వేసవి సెలవుల్లో, సింధనూరులో విత్తనాల కొట్టున్న తెలిసినాయన్ని అడిగాం. అడిగిన తీరు కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరబడతారు. "మా వాడికి ఏదైనా ఉద్యోగం చూడండి" అంటే ఎవరైనా తలవంచుకుని "చూద్దాంలెండి" అంటారు. జాలి పడతారు, పని మాత్రం చూపించరు. మేము ఇలా అడిగాం: "రోజూ రెండు గంటలు, రెండు వారాలు. జీతం వద్దు. మీకు చెయ్యాలని ఉండి, తీరిక లేక వదిలేస్తున్న పనేదైనా ఉందా?" ఆయన కాసేపు ఆలోచించి వెనక గది తలుపు తీశాడు. మిరప, టమాట, వంగ, బెండ లాంటి కూరగాయల విత్తనాల పాకెట్లు అట్టపెట్టెల్లో కలగాపులగంగా పడి ఉన్నాయి. పురుగుమందులు పెట్టే గది వైపు వాణ్ణి వెళ్ళనివ్వద్దని మాత్రం ముందే మాట తీసుకున్నాం.

మొదటి రోజు మా అక్క ఒక్కో రకానికి ఒక్కో ట్రే పెట్టి, ట్రే ముందు ఖాళీ పాకెట్టు ఒకటి అంటించింది. వాడు పెట్టెలోంచి ఒక పాకెట్టు తీస్తాడు. బొమ్మ చూస్తాడు. ట్రేకి అంటించిన బొమ్మ పక్కన ఆనించి చూస్తాడు. అప్పుడు లోపల పెడతాడు, బొమ్మ పైకి కనపడేలా. ప్రతి పాకెట్టూ అంతే, తొందర లేదు. మిరపలో రెండు కంపెనీలవి ఒకే రంగులో ఉన్నాయి. వాడు ఆగిపోయాడు. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని లేచి వెళ్ళి, గల్లాపెట్టె దగ్గర ఆయన ముందు పెట్టి నిలబడ్డాడు. అడగడం వాడికి ఆ రోజే వచ్చింది. ఇంట్లో వాడికి అడగాల్సిన అవసరం మేము రానిచ్చామా?

తర్వాతి వారం ఆయనే వాడికి గడువు తేదీ చూడడం నేర్పాడు. ఒక కాగితం మీద నెల, సంవత్సరం పెద్ద అంకెలతో రాసిచ్చి, అదే అంకె ఉన్న పాకెట్లన్నీ పక్కన పెట్టమన్నాడు.

అంతకన్నా ముందు, మూడో రోజు, బయల్దేరుతుంటే ఆయన మామూలుగా అడిగాడు, "రేపు ఎన్నింటికి వస్తావు?" అని. మా అక్క జవాబు చెప్పబోయింది. బావ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. వాడు కొంచెం సేపు తీసుకుని "పదింటికి" అన్నాడు. పదిహేడేళ్ళలో వాణ్ణి ఆ మాట అడిగిన మనిషి లేడు. మర్నాడు తొమ్మిదింటికే చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చున్నాడు. చెప్పులు తనే వేసుకున్నాడు.

అమెరికాలో సిన్సినాటిలోని పిల్లల ఆసుపత్రిలో 1996లో ఇంచుమించు ఇలాంటి ఆలోచనతోనే ఒక పని మొదలైంది. అత్యవసర విభాగం చూసుకునే ఎరిన్‌ రీలీ అనే నర్సుకు, అరల్లో సామాను ఎప్పటికప్పుడు నింపి పెట్టే మనుషులు నిలకడగా దొరకడం లేదు. ఆ పని ఎదుగుదల లోపాలున్న యువతీయువకులకు ఎందుకు నేర్పకూడదు అని ఆమె అనుకుంది. అదే ప్రాజెక్ట్‌ సెర్చ్‌ అయింది. బడి ఆఖరి ఏడాది పిల్లలు ఆసుపత్రిలోనో ఆఫీసులోనో, ఒక విభాగం తర్వాత ఒకటి చొప్పున పని నేర్చుకుంటారు. ఆ పద్ధతి బ్రిటన్‌తో సహా చాలాచోట్లకి పాకింది. 2014లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, వికలాంగుల ఉపాధి కోసం రాష్ట్రాలకిచ్చే కేంద్ర నిధుల్లో కనీసం 15 శాతం ఇంకా చదువుకుంటున్న పిల్లల్ని పనికి తయారుచేయడానికే కేటాయించాలి. చదువుకునే రోజుల్లో పని చేసిన పిల్లలకే తర్వాత ఉద్యోగాలు ఎక్కువగా దొరుకుతున్నాయని అక్కడి పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెబుతున్నాయి.

మన దేశంలోనూ ఇలాంటివి ఇళ్ళలోంచే పుట్టాయి. శాంతి రాఘవన్‌ గారి తమ్ముడికి పదిహేనేళ్ళప్పుడు చూపు తగ్గడం మొదలైంది. తమ్ముడికి నేర్పుతూ నేర్పుతూనే ఆమె, ఆమె భర్త దీపేష్‌ సుతారియా కలిసి 1999లో బెంగళూరులో ఎనేబుల్‌ ఇండియా పెట్టారు. అదే బెంగళూరులో ఎన్‌.ఎస్‌.హేమ గారు 1959లో మొదలుపెట్టిన వికలాంగుల సంస్థ తోటపని కూడా నేర్పుతుంది. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం సికింద్రాబాదులో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. వీలైతే ఒకసారి వెళ్ళి చూసి రండి. కానీ గోరేబాళ నుంచి బెంగళూరు అంటే ఒక రాత్రి బస్సు ప్రయాణం, రోజూ పోయి వచ్చే చోటు కాదు. మన పిల్లవాడు రేపు బతకాల్సిందీ ఈ ఊళ్ళోనే. కాబట్టి పని కూడా ఇక్కడే వెతకాలి.

ఇక్కడ పనికేం తక్కువ? రైస్‌ మిల్లు యంత్రాల వైపు వద్దు గానీ, ఆఫీసు గదిలో సంచుల లెక్క టిక్కులు పెట్టే పని ఉంటుంది. మిరప, టమాట నారు పెంచే నర్సరీల్లో ట్రేల గుంటల్లో కొబ్బరిపొట్టు నింపి, గుంటకో విత్తు వెయ్యాలి. కూర్చుని చేసే పని, మోత లేదు. పాలకేంద్రంలో క్యాన్ల లెక్క, జెరాక్స్‌ కొట్లో కాగితాల కట్టలు, పంచాయతీ గ్రంథాలయంలో పేపర్లు సర్దడం, టైలరు దగ్గర గుండీలు కుట్టడం. చెవులు వినపడని పిల్లకి కుట్టుమిషన్ల చప్పుడు అడ్డేమీ కాదు. చూపు లేని పిల్లవాడు ఫోనెత్తి ఆర్డర్లు విని చెప్పగలడు. మీ పిల్లలు ఇంట్లో దేని దగ్గర ఎక్కువసేపు కూర్చుంటారో వారం రోజులు ఊరికే గమనించండి, ఏ పని అడగాలో మీకే తెలుస్తుంది.

మీ పంచాయతీలో వీఆర్‌డబ్ల్యూ, అంటే గ్రామ పునర్వసతి కార్యకర్త ఎవరో కనుక్కోండి. చాలామటుకు వాళ్ళూ వికలాంగులే, ఊళ్ళో కొట్లవాళ్ళతో మీ తరఫున మాట్లాడగలరు. పంచాయతీ సొంత ఆదాయంలో 5 శాతం వికలచేతనుల కోసం ఖర్చు పెట్టాలన్న నియమం కర్ణాటకలో ఉంది. పని చోటుకి వెళ్ళడానికి మూడు చక్రాల బండి కావాలన్నా, మెట్ల పక్కన వాలు కట్టించాలన్నా గ్రామసభలో లేచి అడగండి. అడిగినందుకు మొహమాటపడకండి.

వయసు దగ్గర జాగ్రత్త. పద్నాలుగు నిండని పిల్లల్ని బయట పనిలో పెట్టడం నేరం. పద్నాలుగు నుంచి పద్దెనిమిది లోపువాళ్ళ చేత ప్రమాదకరమైన పనులు చేయించకూడదు, సాయంత్రం 7 నుంచి పొద్దున 8 దాకా అసలే చేయించకూడదు. మూడు గంటలకొకసారి విశ్రాంతి ఇవ్వాలి. బడి మానిపించి పనికి పంపమని నేను చెప్పడం లేదు. సెలవుల్లో, ఆదివారాల్లో, సాయంత్రం గంటసేపు.

ఆడపిల్లల తల్లులు ఇక్కడికొచ్చేసరికి ఆగిపోతారు. ఆ భయం నాకు తెలుసు, అది ఉత్త భయం కాదు. ఆడవాళ్ళు నడిపే చోటు చూడండి, నలుగురూ తిరిగే చోటు చూడండి. తలుపు మూసి ఒకే మనిషితో ఉండే పని ఎంత మంచి మనిషిదైనా వద్దు. ఒంటి మీద ఎవరు ఎక్కడ చెయ్యి వెయ్యకూడదో మాటల్లో అర్థం కాకపోతే బొమ్మ గీసి చెప్పండి, పదిసార్లు చెప్పండి. పిల్లల సహాయ నంబరు 1098 గోడ మీద రాసిపెట్టండి. ఇవన్నీ చేసి పంపండి. భయపడి ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లకి, మీ తర్వాత ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో గుర్తుపట్టే అలవాటే ఉండదు.

పింఛను పోతుందేమో అని చాలామంది గుంజాటన పడతారు. పింఛనుకు వైకల్యం శాతం చూస్తారు, ఇంటి ఆదాయం చూస్తారు. రెండు వారాలు కొట్లో పని నేర్చుకున్నంత మాత్రాన ఆ రెండూ మారవు. తర్వాత నెల జీతం కుదిరే మాటొస్తే అప్పుడు నాడకచేరి రెవెన్యూ ఆఫీసులో అడిగి తేల్చుకోండి. ఇంకో మాట. నేర్చుకునే రెండు వారాలు ఉచితం సరే, ఆ తర్వాత కూడా పని అక్కరకొస్తుంటే కూలి అడగండి. ఒక టీ, బన్ను ఇచ్చి ఏళ్ళ తరబడి చేయించుకునే మనుషులూ ఉంటారు. ఇచ్చిన డబ్బు పిల్లల చేతికే ఇవ్వమనండి. మా వాడు మొదటి వంద రూపాయలతో అమ్మకు గాజులు కొంటాడని మేమంతా అనుకున్నాం. మండక్కి, మిర్చిబజ్జీ కొనుక్కుని తిన్నాడు. బాగుంది, వాడి సంపాదన, వాడి ఇష్టం.

భాష సంగతి కూడా చూసుకోవాలి. మన ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడ, సింధనూరు బజారులో రెండూ, వాటితోపాటు ఉర్దూ. బుద్ధి నెమ్మదైన పిల్లలకి ఒక్కసారిగా ఇన్ని భాషలంటే గాభరా. పనికి పంపే ముందు నాలుగంటే నాలుగు కన్నడ మాటలు నేర్పండి, ఇంట్లో ఆటలాగా: ఎష్టు (ఎంత), సాకు (చాలు), గొత్తిల్ల (తెలియదు), నాళె బర్తీని (రేపు వస్తాను). గొత్తిల్ల అన్న మాట అన్నిటికన్నా ముఖ్యం. తెలియదని చెప్పగలిగిన పిల్లవాణ్ణి నమ్మి పని ఇస్తారు.

బొల్లా శ్రీకాంత్‌ పేరు మీరు వినే ఉంటారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతుల ఇంట్లో చూపు లేకుండా పుట్టాడు. పదో తరగతి తర్వాత సైన్సు చదవనివ్వకపోతే కోర్టుకెళ్ళి గెలిచాడు, అమెరికాలో ఎంఐటీలో చదివాడు, 2012లో హైదరాబాదులో బొల్లాంట్‌ ఇండస్ట్రీస్‌ పెట్టాడు. 2024లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. అది చూపించి "నువ్వూ అలా కావాలి" అని మాత్రం పిల్లల మీద భారం పెట్టకండి. నాకు ఆయన కథలో అన్నిటికన్నా నచ్చింది, ఆ ఫ్యాక్టరీలో వికలాంగులకు పని ఇవ్వడం. అక్కడ పనిచేసేవాళ్ళ మీద సినిమాలు రావు. వాళ్ళు వేళకు వస్తారు, పని చేస్తారు, సాయంత్రం ఇంటికెళ్తారు. మన పిల్లలకి నేను కోరుకునేది అదే.

ఎప్పుడు అడగాలి అంటారా? ఏప్రిల్‌లో. బళ్ళకు సెలవులు ఇచ్చేస్తారు, తుంగభద్ర ఎడమ కాలువకు నీళ్ళు రావడానికి ఇంకా రెండు మూడు నెలలుంటుంది. అప్పుడు విత్తనాల కొట్టాయనకీ నర్సరీ ఆవిడకీ కాస్త తీరిక, పిల్లవాడి పక్కన నిలబడి చూపించే ఓపిక ఉంటాయి. జులైలో నీళ్ళొదిలాక కొట్టు ముందు ట్రాక్టర్లు ఆగి ఉంటాయి, ఎవరికీ ఎవరూ నేర్పలేరు. ఏప్రిల్‌లో మొదలుపెట్టిన పిల్లవాడు ఆ రద్దీ వేళకి ఏ ట్రే ఎక్కడుందో చూడకుండా చెప్పగలడు. మొదటి రెండు రోజులు మీరు పక్కన ఉండండి. మూడో రోజు వీధి చివరి దాకా దిగబెట్టి వెనక్కి వచ్చెయ్యండి. కడుపులో దేవినట్టుంటుంది, నాకు తెలుసు. మా అక్క ఆ రోజు ఎదురుగా ఉన్న చెప్పుల కొట్లో కూర్చుని, అవసరం లేకపోయినా ఒక జత కొనేసింది.