మైదానం కథ మనమే రాద్దాం

సాయంత్రం అయింది. అమలాపురంలో ఒక ఇంటి అరుగు మీద మామ్మ కూర్చుంది. చీపురు కట్టడానికి కొబ్బరి ఈనెలు తీస్తోంది. మనవడు కాలేజీ గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడి వచ్చాడు. కాళ్ళ నిండా బురద.

మామ్మ ఈ మధ్యే చదవడం నేర్చుకుంది. ఏ కాగితం కనబడినా కూడబలుక్కుని చదువుతుంది. ఆ రోజు పాత పేపరు ముక్క ఒకటి చేతికి దొరికింది.

“జి.ఎం.సి. బా...ల...యో...గి స్టే...డి...యం” అని చదివింది.

“ఒరేయ్, ఈ స్టేడియం ఎక్కడుందిరా?”

“హైదరాబాదులో మామ్మా. గచ్చిబౌలిలో. అక్కడ పెద్ద పెద్ద ఫుట్‌బాల్ ఆటలు ఆడతారు.”

“మరి ఆ బాలయోగి గారు ఎవరో తెలుసా?”

మనవడు తెలియదన్నాడు. మామ్మ ఆశ్చర్యపోయింది.

“అదేంట్రా! మన ఎదుర్లంక ఆయనే. మన అమలాపురం ఎంపీ. ఢిల్లీలో లోక్‌సభకు స్పీకరు అయ్యారు. యానాం వెళ్ళే వంతెనకు కూడా ఆయన పేరే పెట్టారు. నువ్వు దాని మీద ఎన్నిసార్లు వెళ్ళలేదూ!”

మామ్మ చెప్పింది నిజం. గంటి మోహనచంద్ర బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయారు. గచ్చిబౌలి స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.

చూశారా! మనవడికి స్టేడియం తెలుసు. పేరు తెలుసు. కాని మనిషి తెలియదు. పేరు బోర్డు మీద ఉంది. కథ మామ్మ దగ్గర ఉంది. మామ్మ చెప్పకపోతే ఆ ఇంట్లో ఆ కథ అక్కడితో ఆగిపోయేది.

ప్రతి ఆట స్థలానికీ ఇలాంటి కథ ఉంటుంది. దాన్ని నిలబెట్టుకోవడం ఎలా? అదే ఈ పాఠం.

నేల ఒకటే, పేర్లు రెండు

హైదరాబాదులో గచ్చిబౌలి స్టేడియం కొత్తది. దానికంటే ఎంతో పాత మైదానం ఒకటి ఊరి నడిబొడ్డున ఉంది. బషీర్‌బాగ్ దగ్గర ఉంది. దాని పాత పేరు ఫతే మైదాన్. ఇప్పటి పేరు లాల్ బహదూర్ స్టేడియం.

ఫతే మైదాన్ అనే పేరు ఎలా వచ్చింది? 1687లో ఢిల్లీ పాదుషా ఔరంగజేబు గోల్కొండ మీదికి దండెత్తాడు. అప్పుడు గోల్కొండను ఏలే రాజు తానీషా. భద్రాచలం రామదాసు కథలో వచ్చే తానీషా ఈయనే. కోట ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొగలు సైనికులు ఈ ఖాళీ స్థలంలో గుడారాలు వేసుకున్నారని చెబుతారు. చివరకు వాళ్ళు గెలిచారు. ఫతే అంటే గెలుపు. అలా ఇది ఫతే మైదాన్ అయింది.

తర్వాత నిజాం రాజుల కాలం వచ్చింది. ఇక్కడ గుర్రాల మీద కూర్చుని పోలో ఆడేవారు. 1955 నవంబరులో ఇక్కడ ఇండియా, న్యూజీలాండు జట్లు టెస్టు క్రికెట్ ఆడాయి.

లాల్ బహదూర్ శాస్త్రి మన దేశానికి ప్రధానమంత్రిగా చేశారు. ‘జై జవాన్, జై కిసాన్’ అన్నది ఆయనే. ఆయన 1966 జనవరిలో చనిపోయారు. 1967లో ఈ మైదానానికి ఆయన పేరు పెట్టారు.

1983 జనవరి 9న ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఎక్కడ చేశారు? ఈ స్టేడియంలోనే, జనం మధ్యలో.

2008లో ఆసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ ఒకటి ఇక్కడ జరిగింది. వానలకు నేల బురద అయిపోయింది. అందుకని చివరి ఆటను ఢిల్లీకి మార్చారు. ఆ ఆటలో మన దేశమే గెలిచింది.

ఒక్క నేల మీద ఎన్ని సంగతులు జరిగాయో చూడండి! యుద్ధం, ఆట, రాజకీయం అన్నీ అక్కడే. ఇవన్నీ మనకు ఎలా తెలిశాయి? ఎవరో ఒకరు రాసిపెట్టారు కాబట్టి తెలిశాయి.

బడిపంతులు చేసిన జట్టు

ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటకు హైదరాబాదు పుట్టిల్లు లాంటిది. దానికి ముఖ్య కారణం ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత బడిలో పాఠాలు చెప్పారు. ఆటా నేర్పారు.

ఆయన నేర్పే తీరు వేరు. పిల్లలకు వింత పందేలు పెట్టేవారు. ఒక పందెంలో బంతిని కాలి దగ్గర అట్టే పెట్టుకోకూడదు. వెంటనే పక్కవాడికి అందించాలి. ఇంకో పందెంలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. అలా ఆడితే రెండు కాళ్ళూ పనికొస్తాయి. ఒక్కడే ఆడకుండా అందరూ కలిసి ఆడతారు.

ఆయన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు గెలిచింది. రహీం గారు దేశం జట్టుకు కూడా గురువు అయ్యారు. 1951లో ఢిల్లీలో ఆసియా ఆటలు జరిగాయి. ఫుట్‌బాల్‌లో మన దేశానికి బంగారు పతకం వచ్చింది.

అన్నీ గెలుపులే కాదు. 1952 ఒలింపిక్ ఆటల్లో మన వాళ్ళలో కొందరు ఉత్త కాళ్ళతో ఆడారు. యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాత బూట్లు వేసుకుని ఆడడం నేర్చుకున్నారు. నాలుగేళ్ళు తిరిగాయి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ ఆటల్లో ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించారు. ప్రపంచంలో నాలుగో స్థానం వచ్చింది. ఆ జట్టులో హైదరాబాదు కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు.

వాళ్ళలో ఒకరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద ఇంట్లో పుట్టారు. 1960 ఒలింపిక్ ఆటల్లో రెండు గోల్సు కొట్టారు.

1962లో జకార్తాలో మళ్ళీ ఆసియా ఆటలు జరిగాయి. అప్పటికే రహీం గారికి క్యాన్సర్. అయినా జట్టు వెంట వెళ్ళారు. జర్నైల్ సింగ్ అనే ఆటగాడి తల పగిలింది. కుట్లు పడ్డాయి. కట్టు కట్టుకునే మళ్ళీ దిగాడు. చివరి ఆటలో గోలు కొట్టాడు. దక్షిణ కొరియా మీద మన జట్టు 2-1 తేడాతో గెలిచింది. మళ్ళీ బంగారు పతకం!

తర్వాతి ఏడాది, 1963 జూన్‌లో, రహీం గారు కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా ఆటల ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇంతవరకు బంగారు పతకం రాలేదు.

ఇంత చేసిన మనిషి పేరు మనలో ఎంతమందికి తెలుసు? 2024లో ‘మైదాన్’ అని హిందీ సినిమా వచ్చింది. అది రహీం గారి కథ. ఆయన పోయిన 60 ఏళ్ళ తర్వాత సినిమా చూసి చాలామంది తెలుసుకున్నారు. బలరాం గారు 2023లోనే చనిపోయారు. ఒక ఏడాది ఆగి ఉంటే ఆ సినిమా చూసేవారు.

కథ ఆలస్యంగా చెబితే వినవలసిన వాళ్ళు ఉండరు. చెప్పవలసిన వాళ్ళూ ఉండరు.

మన గ్రౌండు సంగతి ఏమిటి?

మామ్మ ఈ కథంతా మనవడి చేత చదివించుకుని విన్నది. విని ఒక మాట అడిగింది.

“హైదరాబాదు కథ బాగానే ఉంది. నువ్వు రోజూ ఆడే గ్రౌండు కథ ఏంట్రా?”

మనవడి దగ్గర జవాబు లేదు.

అమలాపురంలో అందరూ ఎస్.కె.బి.ఆర్. కాలేజీ అంటారు. ఆ అక్షరాలకు అర్థం అడిగితే ఎంతమంది చెబుతారు? శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కాలేజీ అని దాని పూర్తి పేరు. పేరులోనే కోనసీమ ఉంది. పొట్టి పేరు పలికి పలికి పూర్తి పేరు మరిచిపోతాం. పేరు మరిచిపోతే కథ కూడా మరిచిపోతాం.

కొన్ని స్థలాల కథ మనం మరిచిపోలేదు. జగ్గన్నతోట సంగతి చూడండి. అంబాజీపేట మండలంలో మొసలపల్లి దగ్గర ఉంది. అది కొబ్బరితోట. ఏటా కనుమ నాడు పదకొండు ఊళ్ళ ప్రభలు అక్కడికి చేరతాయి. ఏ ప్రభ ఏ ఊరిదో పసిపిల్లలు కూడా చెబుతారు. ఎందుకని? ఏటా జనం కలుస్తారు. ఏటా ఆ కథ చెప్పుకుంటారు. అందుకని.

ఆట స్థలానికి అలాంటి తీర్థం లేదు. ఆడిన కుర్రాళ్ళు ఉద్యోగాలకు పోతారు. కొందరు గల్ఫ్ వెళ్తారు. నేర్పిన మాస్టారు రిటైరు అవుతారు. ఇక చెప్పేది ఎవరు?

ఇంకో సంగతి కూడా ఉంది. కోనసీమలో సెంటు భూమి కూడా ఖరీదే. ఖాళీ స్థలం అందరి కంటా పడుతుంది. ఈ స్థలం ఆట కోసం ఇచ్చారని ఎక్కడా రాసి లేకపోతే ఎలా? ఒక పక్క నుంచి కంచె జరుగుతుంది. ఇంకో పక్క పాక లేస్తుంది. పది ఏళ్ళలో గ్రౌండు సగం అవుతుంది. రాత ఉంటే అడిగే నోటికి బలం ఉంటుంది.

కథ రాసేది ఎలా?

దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను, కాస్త ఓపిక చాలు.

ఒకటి: పెద్దవాళ్ళను అడగాలి. స్థలం ఎవరు ఇచ్చారు? ముందు అక్కడ ఏముండేది? చెరువా, తోటా, చేనా? మొదటి జట్టులో ఎవరెవరు ఆడారు? ఎవరు నేర్పారు? చెప్పిన వాళ్ళ పేరు, చెప్పిన తేదీ కూడా రాయాలి.

రెండు: సంవత్సరం గుర్తు లేకపోతే పెద్ద సంగతులను ఆనవాలుగా పెట్టుకోవాలి. “86 గోదావరి వరదకు ముందా, తర్వాతా?” అని అడగాలి. “96 తుఫాను నాటికి ఆ గోడ ఉందా?” అని అడగాలి. 1986 ఆగస్టులో వరద వచ్చింది. 1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రెండూ మరిచిపోయిన పెద్దవాళ్ళు లేరు.

మూడు: ఒక్కరి మాటే రాసి ఊరుకోకూడదు. ఇద్దరు ముగ్గురిని అడగాలి. మాటలు కలవకపోతే రెండూ రాయాలి. ఒకరిది తప్పని మనం తేల్చకూడదు.

నాలుగు: కాగితాలు చూడాలి. కాలేజీలో పాత పుస్తకాలు ఉంటాయి. బహుమతి కప్పుల మీద సంవత్సరం చెక్కి ఉంటుంది. శంకుస్థాపన రాయి మీద పేర్లు ఉంటాయి. స్థలం సర్వే నెంబరు, హద్దులు సచివాలయంలో అడిగి రాసుకోవాలి.

అయిదు: పాత ఫోటోలు జాగ్రత్త చెయ్యాలి. మన దగ్గర గాలిలో తడి ఎక్కువ. ఫోటోలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మధ్యలో తెల్ల కాగితం పెట్టాలి. ఫోటో వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు రాయాలి. పెన్నుతో రాస్తే సిరా దిగిపోతుంది. సెల్‌ఫోనుతో ఫోటోకు ఫోటో తీసి ఉంచాలి.

ఆరు: రాసింది ఒక్క చోటే దాచకూడదు. వరద వస్తే ఒకటి పోయినా ఇంకొకటి మిగలాలి. ఇంట్లో ఒక నకలు, కాలేజీ లైబ్రరీలో ఒక నకలు, ఇంకో ఊళ్ళో చుట్టాల దగ్గర ఒక నకలు పెట్టాలి.

ఆడవాళ్ళ కథ కూడా రాయాలి

“మనం ఏనాడూ బంతి తన్నలేదు కదా, మనకేం తెలుసు?” అని కొందరు అనుకోవచ్చు. అది సరికాదు. ఆట చూడడానికి వచ్చిన వాళ్ళకు గట్టు మీద వేరుశనగకాయలు అమ్మింది ఎవరు? బురద బట్టలు ఉతికింది ఎవరు? కొడుకు బూట్ల కోసం చీటీ డబ్బు తీసి ఇచ్చింది ఎవరు? ఆ గ్రౌండులో ఆడపిల్లలు మొదటిసారి ఎప్పుడు ఆడారు? ఎవరైనా వద్దన్నారా? ఇవన్నీ కథలో భాగమే. వీటిని మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

మామ్మ ఈనెల కట్ట పక్కన పెట్టింది. మనవడి నోటు పుస్తకం తీసుకుంది. మెల్లగా, గుండ్రంగా ఒక వాక్యం రాసింది:

“మీ తాత ఈ గ్రౌండులో గోలీగా ఆడారు.”

మనవడు నోరు తెరిచాడు.

“తాత ఫుట్‌బాల్ ఆడేవారా? ఎప్పుడూ చెప్పలేదేం మామ్మా?”

“నువ్వు ఎప్పుడూ అడగలేదు. నాకూ రాయడం వచ్చేది కాదు. ఇప్పుడు వచ్చింది కదా. కూర్చో, తర్వాత వాక్యం చెబుతాను. తప్పుంటే దిద్దు.”

ఆలోచించండి, చెప్పండి

1. ఫతే మైదాన్‌కు ఆ పేరు ఎందుకు వచ్చింది?
2. రహీం గారు పిల్లలకు ఎలాంటి పందేలు పెట్టేవారు? ఎందుకు?
3. జగ్గన్నతోట కథ జనం ఎందుకు మరిచిపోలేదు?
4. మీ ఊరి ఆట స్థలం ఎవరు ఇచ్చారు? ఎవరిని అడిగితే తెలుస్తుంది?

కొత్త మాటలు

ముట్టడి: కోటను చుట్టుముట్టడం
ఆనవాలు: గుర్తు
హద్దు: ఎల్ల, స్థలం ఆగే చోటు
నకలు: చూసి రాసిన ఇంకో ప్రతి

చూసి రాయండి

పేరు బోర్డు మీద ఉంటుంది. కథ మనుషుల దగ్గర ఉంటుంది. రాస్తే రెండూ నిలుస్తాయి.