తాబేలు పిల్ల ఆడదో మగదో తేలేదాకా

టాటీబంధ్, రాయ్‌పూర్



అరచేతిలో ఇమిడేంత తాబేలు పిల్లను తిరగేసి చూసి ఆడదో మగదో చెప్పడం పశువైద్యుడికైనా సాధ్యం కాదు. పైకి కనిపించే తేడాలన్నీ ఈడు దగ్గరపడ్డాక వచ్చేవే. దుకాణంవాడు రెండు పిల్లలను డబ్బాలో పెట్టి "జత" అని ఇస్తే ఆ మాటకు పైసా విలువ లేదు. జత పేరు చెప్పి తీసుకున్న అదనపు డబ్బు మాత్రం నిజం.

చాలా రకాల తాబేళ్లలో పిల్ల ఏదవుతుందో గుడ్డు పెట్టిన నాటికి తేలి ఉండదు. మట్టిలో గుడ్డు పొదిగే వేడిని బట్టి తేలుతుంది. సరీసృపాల్లో ఇలా జరుగుతుందని మొదట గమనించినది డకార్‌లో పనిచేసిన మదలీన్ షార్నియే. 1966లో ఆమె ఆఫ్రికా తొండ మీద చేసిన పరిశీలన అది. 1970ల తొలినాళ్లలో క్లాడ్ పియో తాబేళ్లలోనూ అదే తీరని చూపించాడు. పొదుగుదల కాలాన్ని మూడు భాగాలు చేస్తే నడిమి భాగంలో ఉన్న వేడే కీలకం. మెట్ట తాబేళ్లలో గుడ్డు చల్లగా ఉంటే మగవి, వెచ్చగా ఉంటే ఆడవి ఎక్కువగా పుడతాయి. రెండింటి మధ్య హద్దు రకాన్ని బట్టి మారినా, చాలావాటికి 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. వేడి పెరిగినప్పుడు అరోమటేజ్ అనే ఎంజైము చురుకై పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చేస్తుంది. అండాశయం ఏర్పడడానికి అది దారి తీస్తుంది. అలాగని రాయ్‌పూర్ మే నెల ఎండకు గుడ్లు వదిలేస్తే అన్నీ ఆడపిల్లలే వస్తాయని లెక్కలు వేయకూడదు. హద్దు మీరిన వేడికి పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది, లేదా చిప్ప వంకరపోయి పుడుతుంది.

ఇందులోంచే ఇంకో సంగతి బయటపడుతుంది. చిలకల విషయంలో ఒక ఈక ప్రయోగశాలకు పంపితే డీఎన్ఏ చూసి ఆడో మగో చెప్పేస్తారు. ఇలాంటి తాబేళ్లకు ఆ పరీక్ష పనికిరాదు. లింగాన్ని నిర్ణయించే క్రోమోజోములే వాటిలో లేనప్పుడు వెతకడానికి ఏముంటుంది? మెత్తటి చిప్ప ఉండే నీటి తాబేళ్ల కుటుంబంలో మాత్రం పక్షుల్లో లాగే క్రోమోజోములే నిర్ణయిస్తాయి.

పెద్దయ్యాక ముందుగా చూడాల్సింది తోక. మగదాని తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది. చిప్ప కిందికి పూర్తిగా పట్టక ఓ పక్కకి మడుచుకుంటుంది. మలద్వారం తోక మొదట్లో కాక చివరివైపు, చిప్ప అంచు దాటి కనిపిస్తుంది. ఆడదాని తోక పొట్టి, ద్వారం ఒంటికి దగ్గర. రెండో గుర్తు పొట్ట చిప్ప. జతకట్టేటప్పుడు ఆడదాని వీపు మీద నిలదొక్కుకోవడానికి మగదాని పొట్ట చిప్ప లోపలికి గుంట పడుతుంది. స్కేలును నిలువుగా ఆనిస్తే కింద సందు కనిపిస్తుంది. ఆడదానిది ఇంచుమించు బల్లపరుపు. తోక దగ్గరున్న చివరి రెండు పలకల మధ్య కోణం మగదానిలో వెడల్పు. ఇవన్నీ కలిపి చూడాలి. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పేవాళ్ల మాట నమ్మకపోవడం మేలు.

పెద్దది ఆడది అనే లెక్క రకాన్ని బట్టి తలకిందులవుతుంది. రాయలసీమ ముళ్లపొదల్లో తిరిగే నక్షత్ర తాబేళ్లలో ఆడది మగదానికంటే స్పష్టంగా పెద్దది. ఆఫ్రికా నుంచి వచ్చిన సుల్కాటాలో మగదే భారీ. పైగా దాని గుర్తులు చిప్ప ఒక అడుగు పొడవు పెరిగేదాకా నమ్మదగ్గవి కావు. అక్వేరియం దుకాణాల్లో దొరికే ఎర్రచెవి తాబేలు ఈ విషయంలో కాస్త తొందరగా బయటపడుతుంది. పొట్ట చిప్ప పది సెంటీమీటర్లకు వచ్చేసరికి మగదాని ముందుకాళ్ల గోళ్లు కొట్టొచ్చినట్టు పొడుగవుతాయి. వాటిని ఆడదాని మొహం ముందు అల్లల్లాడిస్తూ మచ్చిక చేసుకుంటుంది. వయసు కంటే సైజే నమ్మకమైన కొలత. తిండి, వెచ్చదనం తేడాలవల్ల ఒకే ఈడు పిల్లల్లో ఒకటి రెండింతలు పెరగవచ్చు.

నక్షత్ర తాబేలు మాట వచ్చింది కాబట్టి ఇదీ తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో ఉంచుకోవడమే నేరం. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ దాన్ని మొదటి అనుబంధంలోకి ఎక్కించింది. అంతకు నాలుగేళ్ల ముందు వెలువడిన ఒక అధ్యయనం, దేశంలోని ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 పిల్లలనూ పెద్దవాటినీ అడవి నుంచి పట్టుకుపోతున్నారని లెక్కగట్టింది. ఎవరైనా తెచ్చి ఇస్తే ఆడో మగో తర్వాతి మాట, ముందు అటవీ శాఖకు అప్పగించాలి. సుల్కాటా విదేశీ జీవి. సైటిస్ జాబితాలో ఉంది కనుక 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఒకటి ఇంకొకదాని మీదికి ఎక్కింది కాబట్టి అది మగదే అనుకోవడం మామూలు పొరపాటు. పిల్లలూ ఎక్కుతాయి, ఆడవీ ఎక్కుతాయి. అది పెత్తనం చూపించుకోవడం. తోక పట్టి లాగడం, ద్వారంలో పుల్ల పెట్టి చూడడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. అక్కడి పొర చాలా సున్నితం, గాయమైతే మానడం కష్టం. తొందర తప్పదనుకుంటే దారి ఒకటే. పశువైద్యుడు మత్తు ఇచ్చి, తొడ ముందున్న సందులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి బీజకోశాన్ని నేరుగా చూస్తాడు. చిన్నపిల్లలో కూడా తేలుతుంది గానీ, ఆ పని వచ్చిన చేయి అన్నిచోట్లా దొరకదు. టాటీబంధ్ నుంచి జీఈ రోడ్డు పట్టుకుని దుర్గ్ దాటితే అంజోరాలో పశువైద్య కళాశాల ఉంది. బయల్దేరే ముందు ఆ సదుపాయం ఉందో లేదో ఫోనులో కనుక్కోవాలి. ఈడొచ్చిన ఆడదానికైతే ఎక్స్‌రేలో గట్టిపడిన గుడ్లు కనిపిస్తాయి, దాంతో అనుమానం తీరిపోతుంది. ఉత్త పెంపకానికి ఇంత ఆర్భాటం అక్కర్లేదు.

జతగా తెచ్చిన పిల్లలు ఆడో మగో తేలేదాకా రెండింటికీ సరిపడా చోటు ఉంచాలి. రెండూ మగవైతే ఈడొచ్చాక ఢీకొట్టుకుని ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి. ఎండలో అలా పడిన తాబేలు చచ్చిపోవచ్చు. అందుకని మధ్యలో చూపు మరుగయ్యే అడ్డం పెట్టాలి, కొట్టుకోవడం మొదలైతే వేరు చేయాలి. మూడు నెలలకోసారి పొట్టవైపు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. రెండు చేతులతో ఎత్తి, క్షణం చూసి దించేయాలి, ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఏడాది ఫొటోలు వరసగా పెట్టి చూస్తే తోక మొదలు లావెక్కడం దానంతటదే కనిపిస్తుంది.

మామయ్య