'కాబట్టి'కి 'బికాజ్' రాస్తే ఏమవుతుంది?

ఇంగ్లీషులో రెండు పదాలను కలపాలంటే మధ్యలో 'అండ్' పెట్టాలి. తెలుగులో ఆ పని చివరి అచ్చే చేస్తుంది. దీర్ఘం ఇస్తే చాలు, 'అమ్మా నాన్నా వచ్చారు' అవుతుంది. మా బీదర్ జిల్లా కుశనూర్ వైపు కన్నడంలోనూ ఇదే పద్ధతి: 'అమ్మనూ అప్పనూ బందరు'. రెండూ ద్రావిడ భాషలే కదా! 'మరియు' పుస్తకాల్లో కనిపిస్తుంది గానీ ఇంట్లో ఎవరంటారు?

ఇక వాక్యాలు. 'సీత అన్నం తిన్నది. సీత కాలేజీకి వెళ్ళింది.' ఈ రెండింటినీ కలిపితే 'సీత అన్నం తిని కాలేజీకి వెళ్ళింది'. 'తిని' క్త్వార్థకం, అంటే అసమాపక క్రియ. కన్నడంలో 'ఊట మాడి' అంటాం. ఇంగ్లీషులో మాత్రం రెండు క్రియలూ పూర్తిగా ఉంచి మధ్యలో 'అండ్' చేర్చవచ్చు.

అసలు చిక్కు కారణం చెప్పేటప్పుడు వస్తుంది. 'వాన పడింది కాబట్టి మేము రాలేదు'. ఇక్కడ 'కాబట్టి' కారణం తర్వాత వచ్చింది. ఇంగ్లీషు 'బికాజ్' కారణానికి ముందు రావాలి. వరస మార్చకుండా 'ఇట్ రెయిన్డ్ బికాజ్ వి డిడ్ నాట్ కమ్' అని రాస్తే, మనం రాలేదని వాన పడినట్టు! మార్కులే కాదు, అర్థమే పోతుంది. ఆ వరసే ఉంచాలనుకుంటే 'సో' వాడాలి.

అలాగే 'వాన పడినా వచ్చాం'లో 'నా' ఒక్కటే చాలు, మళ్ళీ 'కానీ' అనం. ఇంగ్లీషులోనూ అంతే. 'ఆల్దో' రాస్తే 'బట్' వద్దు.

మీరూ ప్రయత్నించండి: 'బస్సు ఆలస్యమైంది. క్లాసు తప్పింది.' మూడు భాషల్లో కలపండి.