పాత బిల్డింగ్ హెల్త్ మీ ఫోన్ చెప్పగలదా? వైబ్రేషన్ టెస్ట్ బేసిక్స్

బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్, నాంపల్లి వైపు వెళ్తే పాత కాంక్రీట్ కాంప్లెక్స్‌లు చాలానే కనిపిస్తాయి. కింద షాపులు, పైన ఆఫీసులు, రోజంతా జనం. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వస్తే హైదరాబాద్‌లో కూడా ప్రకంపనలు తెలిశాయి. ఇలాంటి బిల్డింగ్ ఎంత గట్టిగా ఉందో పగలగొట్టకుండా చూసే పద్ధతుల్లో వైబ్రేషన్ టెస్ట్ ఒకటి. దానికి కావాల్సిన సెన్సర్ అక్సెలరోమీటర్. అది మీ ఫోన్‌లోనూ ఉంది. మరి ఫోన్‌తో పని అవుతుందా?

అసలు కాన్సెప్ట్

గాలికి, ట్రాఫిక్‌కి ప్రతి బిల్డింగ్ కంటికి తెలియనంత కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో అదే దాని సహజ ఫ్రీక్వెన్సీ. తీగ వదులైతే శ్రుతి దిగినట్టు, పగుళ్లతో బిల్డింగ్ బిగువు తగ్గితే ఫ్రీక్వెన్సీ కూడా దిగుతుంది. కాకపోతే ఇది వర్గమూలం లెక్క. బిగువు 19 శాతం పడిపోయినా ఫ్రీక్వెన్సీ తగ్గేది 10 శాతమే.

ఎంత రావాలి?

ఇటుక గోడలున్న కాంక్రీట్ ఫ్రేమ్ బిల్డింగ్‌కి ఐఎస్ 1893 కోడ్ ఒక సింపుల్ ఫార్ములా ఇచ్చింది. మీటర్లలో ఎత్తుని 0.09తో గుణించి, ఊగే దిశలో ఉన్న పొడవు వర్గమూలంతో భాగించాలి. ఎత్తు 15, పొడవు 16 మీటర్లయితే ఒక ఊపుకి 0.34 సెకన్లు, అంటే సుమారు 3 హెర్ట్జ్. ఇది డిజైన్ కోసం వేసే అంచనా. కొలిస్తే వేరే నంబర్ రావడం మామూలే.

ఫోన్‌తో ట్రై చేయండి

1. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫ్రీ యాప్ ఫిఫాక్స్ ఇన్‌స్టాల్ చేసుకోండి.
2. ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి, కవర్ తీసి, ఫోన్‌ని పై అంతస్తు నేల మీద గోడకి సమాంతరంగా పెట్టండి.
3. లిఫ్ట్, జనరేటర్ ఆగి ఉన్నప్పుడు అక్సెలరేషన్ స్పెక్ట్రమ్ రన్ చేయండి. అడ్డంగా ఉండే ఎక్స్, వై రీడింగ్స్ చూడండి.
4. మూడుసార్లు కొలిచినా అదే చోట పీక్ వస్తేనే నమ్మండి.

ఎక్కడ ఆగాలి?

చిన్న బిల్డింగ్ కదలిక ఫోన్ సెన్సర్ నాయిస్‌లోనే మునిగిపోవచ్చు. పీక్ రాలేదంటే ఫోన్‌కి అందలేదని అర్థం, బిల్డింగ్ బాగుందని కాదు. ఎండ వేడికీ, నిండిన వాటర్ ట్యాంక్‌కీ కూడా నంబర్ కాస్త మారుతుంది. అందుకే ఒక్క రీడింగ్‌తో ఏమీ తేలదు. అదే బిల్డింగ్ పాత రీడింగ్‌తో పోల్చినప్పుడే దానికి విలువ.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఒక బాల్కనీలో రాడ్ తుప్పు పట్టినా బిల్డింగ్ మొత్తం ఫ్రీక్వెన్సీ కదలకపోవచ్చు. 2013 జూలైలో సికింద్రాబాద్‌లో సిటీ లైట్ హోటల్ కూలి పదిమందికి పైగా చనిపోయిన ఊరు మనది. పిల్లర్‌లో రాడ్ వెంబడి పగులు, ఊడిపోతున్న పెచ్చులు, తుప్పు మరకలు కనిపిస్తే యాప్ పక్కన పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. రీబౌండ్ హామర్, అల్ట్రాసోనిక్ టెస్ట్‌లు చేసి ఏ పిల్లర్ ఎలా ఉందో వాళ్లు చూస్తారు. గ్రాఫ్ నార్మల్‌గా ఉంది కదా అని ఆ పగులుని మాత్రం వదిలేయొద్దు.