పన్ను దయ కాదు, బాకీ





ఈ మాట మీరూ వినే ఉంటారు. జంగారెడ్డిగూడెంలో ఏ టీ కొట్టు దగ్గరో నిలబడితే, ఎవరో ఒకాయన పేపరు మడిచి, "మేం కట్టే పన్నులతోనే గదండీ వీళ్ళకి హాస్టళ్ళు, స్కాలర్‌షిప్పులు, రేషను బియ్యం" అంటాడు. ఆ 'వీళ్ళు' ఎవరో చెప్పక్కర్లేదు, మనమే. మనోళ్ళు చాలామంది తల వంచుకుని, టీ తాగేసి వచ్చేస్తారు. తల ఎందుకు వంచుకోకూడదో తెలుసుకోవడమే ఇవాళ్టి పాఠం.

1. పన్ను కట్టనిదెవరు?

ఆదాయపు పన్ను కట్టేవాడే పన్ను కట్టేవాడనుకోవడం మొదటి పొరపాటు. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. సబ్బు కొన్నా, పిల్లాడికి బిస్కెట్ ప్యాకెట్ కొన్నా, ఫోన్ రీచార్జి చేసినా అందులో పన్ను ఉంటుంది. బండిలో పెట్రోలు పోయించుకుంటే దానికి వేరే పన్నులు. ఆ సబ్బు మీద పొగాకు బ్యారన్ దగ్గర పనిచేసే కూలీకీ, ఆ బ్యారన్ యజమానికీ పన్ను రేటు ఒకటే.

లెక్క చూడండి. నెలకు పది వేలు వచ్చే కూలీకి ఆ పది వేలూ ఖర్చయిపోతాయి. పది లక్షలు వచ్చే ఆయన లక్ష ఖర్చు పెట్టి తొమ్మిది లక్షలు దాచుకోగలడు. ఖర్చు మీద వేసే పన్ను ఎవరి రాబడిలో ఎక్కువ భాగం తింటుంది? కూలీ రాబడిలోనే. కాబట్టి మనం ఉచితంగా బతకడం లేదు.

2. బుద్ధుడు చెప్పిన కథ

దీఘ నికాయంలో కూటదంత సుత్తం ఉంది. మహావిజితుడనే రాజు పెద్ద యజ్ఞం చేయాలనుకుంటాడు. రాజ్యంలో చూస్తే దోపిడీలు, దొంగతనాలు. పురోహితుడు ఆయనకు చెబుతాడు: ఇలాంటి స్థితిలో జనం మీద కొత్త పన్ను వేస్తే తప్పు చేసినవాడివవుతావు. దొంగల్ని చంపించినా, బంధించినా మిగిలినవాళ్ళు మళ్ళీ పీడిస్తారు. సేద్యం చేసేవాళ్ళకి విత్తనాలివ్వు, వ్యాపారం చేసేవాళ్ళకి పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాళ్ళకి జీతమివ్వు. రాజు అలాగే చేశాడు. ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. రాజు ఖజానా పెరిగింది, జనం తలుపులు తీసుకుని నిద్రపోయారు.

ఇందులో రెండు సంగతులున్నాయి. బుద్ధుడు వ్యాపారాన్ని తిట్టలేదు, దానికి ఖజానా నుంచి పెట్టుబడి ఇవ్వమన్న కథే చెప్పాడు. అయితే ఆ పెట్టుబడి సమాజం సొమ్ము. దానితో ఎదిగినవాడు ఖజానాకి తిరిగి ఇస్తేనే రేపు ఇంకొకడికి విత్తనం దొరుకుతుంది.

3. ఒంటరి సంపాదన లేదు

ధమ్మంలో పటిచ్చ సముప్పాదం అంటాం. ఏదీ తనంతట తాను పుట్టదు, కారణాల మీద ఆధారపడి పుడుతుంది. సంపద కూడా అంతే. మన ఏరియాలో పొగాకు అమ్ముకోవడానికి పొగాకు బోర్డు వేలం కేంద్రం కావాలి, లారీ పోవడానికి రోడ్డు కావాలి, ఆయిల్ పామ్ తోటకి కరెంటు కావాలి, గెలలు కోసే మనిషి కావాలి. ఆ మనిషి జ్వరం వస్తే పోయేది సర్కారు ఆసుపత్రికి. ఇవన్నీ తీసేసి, "నా కష్టంతో నేను సంపాదించుకున్నాను" అంటే కారణాల్ని దాచి ఫలితాన్ని మాత్రం చూపించడమే.

కొల్లేరు చూడండి. అది అందరి సరస్సు. డబ్బున్నవాళ్ళు గట్లు కట్టి చేపల చెరువులు చేసుకున్నారు. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో ఆ గట్లు కొట్టించాల్సి వచ్చింది. లాభం కొందరి జేబులోకి పోయింది, సరస్సు పాడైన నష్టం వలేసుకు బతికే కుటుంబాల మీద పడింది, గట్లు కొట్టించిన ఖర్చు ఖజానా మీద పడింది. ఎక్కువ తీసుకున్నవాడు ఎక్కువ తిరిగివ్వాలనడం అసూయ ఎలా అవుతుంది?

4. బాబాసాహెబ్ ఆర్థికవేత్త కూడా

1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ బాబాసాహెబ్ ఈ అన్యాయాన్నే ఎత్తి చూపారు. ఆదాయపు పన్నులో కొంత రాబడి దాకా మినహాయింపు ఉంది. భూమి శిస్తుకి అదేమీ లేదు. చిన్న రైతైనా, పెద్ద భూస్వామైనా ఒకటే పద్ధతి, పంట పోయినా కట్టాల్సిందే. మోయగలిగినవాడి మీదే బరువు పెట్టాలన్నది ఆయన వాదన. రాజ్యాంగం 39వ అధికరణం కూడా సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడి అందరికీ చేటు చేయకూడదని రాజ్యానికి చెబుతోంది.

మరి మనం ఎటు నడిచాం? 1953లో వచ్చిన ఎస్టేట్ సుంకాన్ని, అంటే చనిపోయినవారి ఆస్తి మీద పన్నుని, 1985లో తీసేశారు. 1957 నాటి సంపద పన్నుని 2015 బడ్జెట్‌లో రద్దు చేసి, ఎక్కువ ఆదాయాల మీద సర్‌చార్జి పెంచారు. 2019లో మినహాయింపులు వదులుకునే కంపెనీలకు మూల పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. పన్ను తగ్గితే ఫ్యాక్టరీలొస్తాయి, ఉద్యోగాలొస్తాయి అంటారు. ఆ మాట కొట్టిపారేయొద్దు, కూటదంత సుత్తంలో రాజూ పెట్టుబడి ఇచ్చాడు. కానీ "ఉద్యోగాలు వచ్చాయా?" అని లెక్క అడిగే హక్కు మనకుంది.

5. దానం చేస్తున్నారు గదా?

కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహలకు మనం వందనకు వెళ్తాం. అక్కడ సిరిసద రాజు లేఖకుడైన చుళగోముడు మండపం దానమిచ్చాడని శాసనముంది. దానం గొప్పదే, అది మనసులో లోభాన్ని తగ్గిస్తుంది. కానీ ఎవరికి, ఎంత ఇవ్వాలో దాత ఇష్టం. తీసుకునేవాడు చేయి చాచాలి. పన్నుతో నడిచే బడికి మన పిల్ల దండం పెట్టి వెళ్ళక్కర్లేదు, హక్కుగా వెళ్తుంది. బాకీకి బదులు దానం చూపిస్తే ఒప్పుకోకండి.

6. ఇక మన సంగతి

ఒక మాట ఒప్పుకోవాలి. ఇల్లు కట్టుకునేటప్పుడు సిమెంటు కొనడానికి వెళ్తే, "బిల్లు వద్దంటే తగ్గిస్తానండి" అన్నాడు కొట్టాయన. నేను సరేనన్నాను. ఆ రాత్రి పంచశీల చెప్పుకుంటుంటే రెండో శీలం దగ్గర గొంతు ఆగింది. ఇవ్వనిది తీసుకోనని నోటితో అంటున్నాను, ఏ హాస్టల్లో తిని చదువుకున్నానో ఆ హాస్టల్ సొమ్ము చేతిలో ఉంది. అప్పట్నుంచి బిల్లు అడిగే తీసుకుంటున్నాను.

ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మ కార్యానికి ఇవ్వమని బాబాసాహెబ్ 1956లో నాగపూర్‌లో అడిగారు. ధనవంతుణ్ణి అడిగే నోరు ముందు తన వంతు ఇచ్చి ఉండాలి.

విహారంలో చర్చించండి:

- మీ ఇంట్లో ఈ నెల కొన్న వస్తువుల్లో పన్ను ఎంతో బిల్లులు పెట్టుకుని లెక్క వేశారా?
- మీ ఊళ్ళో బాగా సంపాదించినవారి సంపదకి ఏ ఏ ప్రజా వనరులు ఆధారం?
- ఈసారి టీ కొట్టు దగ్గర ఆ మాట వినబడితే కోపం లేకుండా ఏమని జవాబిస్తారు?

జవాబు నేర్చుకుని వెళ్ళండి. తల ఎత్తుకుని టీ తాగి రండి.

భవతు సబ్బ మంగళం.