దారులు లేని ఆకాశంలో దారి ఎవరిది?

విద్యార్థులారా! కూడలిలో పోలీసు ఉంటే అతని చేతిని చూసి బండ్లు ఆగుతాయి, కదులుతాయి. పోలీసు లేని పల్లెబాటలో రెండు బండ్లు ఎదురైతే? రెండూ ఎడమకు తప్పుకుంటాయి. ఆ నియమం ఇద్దరికీ ముందే తెలుసు కదా!

ఆకాశంలోనూ ఇంతే. పెద్ద విమానాశ్రయాల దగ్గర నేలమీది అధికారులు రేడియో ద్వారా పైలట్లకు దారి చూపుతారు. వాటికి దూరంగా, తక్కువ ఎత్తులో, అలాంటి నియంత్రణ లేని గగనతలం కూడా ఉంది. అక్కడ చిన్న విమానాలను కాపాడేవి రెండే: పైలట్ కన్ను, అందరూ పాటించే నియమాలు.

ఆ నియమాలేమిటి? రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. ముందున్న విమానాన్ని దాటేవాడు దాని కుడివైపు నుంచి దాటాలి. దారులు అడ్డంగా కలిసేటప్పుడు, తన కుడివైపున ఉన్న విమానానికి పైలట్ దారి ఇవ్వాలి. విమానం ఎడమ రెక్క చివర ఎర్రదీపం, కుడి రెక్క చివర పచ్చదీపం ఉంటాయి. కుడినుంచి అడ్డంగా వచ్చే విమానం మనకు తన ఎడమవైపునే చూపుతుంది. కనుక రాత్రివేళ ఎరుపు కనబడితే తప్పుకోవాలన్నమాట!

ఇంజను ఉన్న విమానం గ్లైడరుకు దారి ఇవ్వాలి. గ్లైడరు బెలూనుకు ఇవ్వాలి. బెలూన్ గాలి ఎటు తీసుకుపోతే అటే పోతుంది. తప్పుకొనే శక్తి ఎక్కువ ఉన్నవాడే తప్పుకోవాలి. ఇదీ ఇందులోని న్యాయం.

అయితే కంటికి ఒక చిక్కుంది. రెండు విమానాలూ దిశ, వేగం మార్చకుండా ఢీకొనే దారిలో ఉంటే, అవతలి విమానం అద్దంలో పక్కకు జరగదు. ఒకేచోట చుక్కలా నిలిచి, క్రమంగా పెద్దదవుతుంది. కదిలేదానిని కన్ను ఇట్టే పట్టేస్తుంది. కదలని చుక్కను పట్టలేదు. అందుకే పైలట్ ఆకాశాన్ని భాగాలుగా చేసుకొని, ఒక్కొక్క భాగంలో చూపు నిలిపి వెతుకుతాడు.

సమయమెంత? గంటకు 200 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తే, వాటి మధ్య దూరం గంటకు 400 కిలోమీటర్ల చొప్పున తరుగుతుంది. 3 కిలోమీటర్ల దూరం 27 సెకన్లలో మాయం! వేగం 500 అయితే 11 సెకన్లే.

కన్ను చాలని రోజు ఒకటి వచ్చింది. 1956 జూన్ 30న లాస్ ఏంజెలిస్ నుంచి బయలుదేరిన రెండు ప్రయాణీకుల విమానాలు, 21,000 అడుగుల ఎత్తున, నియంత్రణ లేని గగనతలంలో, గ్రాండ్ కేన్యన్ మీద ఢీకొన్నాయి. దగ్గరలో మబ్బులున్నాయి. పైలట్లు ఒకరినొకరు సకాలంలో చూడలేకపోయారు. 128 మందీ మరణించారు. ఆ తరువాత, 1958లో, అమెరికా విమానయాన నియంత్రణకు ప్రత్యేక సంస్థను ఏర్పరచింది. నేడు అక్కడ ప్రయాణీకుల జెట్ విమానాలు తిరిగే ఎత్తులన్నీ నియంత్రణలోనే ఉన్నాయి.

మీరూ పరీక్షించవచ్చు. మైదానంలో అడ్డంగా కలిసే రెండు గీతలపై మీరూ, మీ మిత్రుడూ ఒకేసారి కూడలి చేరేలా సమవేగంతో నడవండి. మీ ముక్కుకు సూటి దిశనుంచి అతడు ఏ కోణంలో కనబడుతున్నాడో గమనించండి. ఆ కోణం మారుతోందా?